కక్కు, కందెన, సాంచా: యంత్రభాగాల ఉపరితల గరుకుదనం – ఘర్షణ చరిత్రలో ముస్తాబాద్, సిరిసిల్ల ప్రాంతం

వ్యాససంగ్రహం

ఉపరితలం ఎంత నునుపైతే ఘర్షణ అంత తగ్గుతుందన్న భావన ఇంజనీరింగ్ బోధనలో ఇప్పటికీ బలంగానే ఉంది. లోహ ఉపరితలంపై ఉద్దేశపూర్వకంగా సూక్ష్మమైన గుంటలు, గాట్లు ఏర్పరచి ఘర్షణనూ కందెన పొరనూ అదుపుచేసే సర్ఫేస్ టెక్స్చరింగ్ పద్ధతి ఆ భావనను సవరించింది. ఆ సవరణ ఎలా జరిగిందో రాజన్న సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ ప్రాంతపు తిరగలి, ఎడ్లబండి, మరమగ్గాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తిరగలి కక్కును లేజర్ గుంటకు పూర్వరూపంగా చెప్పడం చరిత్రరీత్యా సరికాదనీ, గాటు చేసే పని దాని రూపాన్ని బట్టి గాక రెండు తలాల మధ్య ఏమున్నదన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుందనీ వాదిస్తుంది.

కీలకపదాలు: ఘర్షణ, కందెన, కక్కు, మరమగ్గం, సిరిసిల్ల, ముస్తాబాద్, ట్రైబాలజీ, లేజర్ టెక్స్చరింగ్.

1. కక్కు అనే మాట

ముస్తాబాద్, 2016 అక్టోబరు 11న ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండల కేంద్రం. అంతకుముందు కరీంనగర్ జిల్లాలో భాగం. ఒకవైపు సిరిసిల్ల మరమగ్గాలు, మరోవైపు సిద్దిపేట, దుబ్బాకల చేనేత ఉన్న ఈ ప్రాంతంలో పిండిమరలు రాకముందు ఇంటింటా ఇసుర్రాయి ఉండేది. కొంతకాలం విసిరిన తరువాత రాయి నున్నబడుతుంది. గింజ నలగదు, పై రాయి మాత్రం సులువుగా తిరుగుతుంది. అప్పుడు ఊరూరా తిరిగే రాతిపనివారిని పిలిచి కక్కు కొట్టించేవారు. ఉలితో, సుత్తెతో రాయి ముఖంపై చిన్నచిన్న గాట్లు వేయడమే ఆ పని. రోళ్ళకూ ఇదే చేసేవారు.

కక్కు అంటే కేవలం గరుకుదనం కాదు. కక్కు కొడవలి అన్న వాడుకలో ఆ మాట పళ్ళను సూచిస్తుంది. గరుకు అనేది ఉపరితలానికి సహజంగానో అరుగుదల వల్లనో వచ్చే గుణం. కక్కు మనిషి కోరి పెట్టినది, అరిగితే మళ్ళీ పెట్టవలసినది. ఇంగ్లీషులో రఫ్‌నెస్, టెక్స్చర్ అనే రెండు మాటల మధ్య ఇటీవలి ట్రైబాలజీ గ్రంథాలు శ్రమపడి పాటిస్తున్న భేదం తెలుగు వృత్తి పదజాలంలో ముందునుంచీ ఉంది. టెక్స్చర్ అన్న మాట కూడా నేయడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చినదే. టెక్స్‌టైల్‌కూ దానికీ మూలం ఒక్కటే. నేత ప్రాంతం గురించిన చర్చలో ఈ సంగతి గుర్తుంచుకోదగింది.

ఇంతమాత్రాన తిరగలి కక్కు నుంచి నేటి లేజర్ టెక్స్చరింగ్ పుట్టిందని చెప్పబూనడం తొందరపాటు. దేశీయ విజ్ఞానాన్ని గురించిన రచనల్లో ఇటువంటి తొందరపాటు తరచుగా కనిపిస్తుంది. తిరగలిలో రెండు రాళ్ళ మధ్య ఉండేది పొడిగింజ. అక్కడ గాటు గింజను పట్టి కోయాలి, నలిగిన పిండిని అంచువైపు నెట్టాలి. అంటే అక్కడ కావలసింది పట్టు. యంత్రపు బేరింగులో రెండు లోహతలాల మధ్య ఉండేది నూనె. అక్కడి గుంట చేయవలసిన పని దాదాపు దీనికి విరుద్ధమైనది. ఆ రెండో పని ఒకటి ఉందని గుర్తించడానికే యూరప్ శాస్త్రజ్ఞులకు రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టింది.

2. కందెన

ఎడ్లబండి ఇరుసు, చక్రం ఒరుసుకునే చోట పూసేది కందెన. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి దీన్ని తయారుచేసేవారు. మసి నూనెను చిక్కబరచి, కారిపోకుండా నిలుపుతుంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెతలో వినిపించేది రెండు తలాలు మధ్యలో ఏ పొరా లేకుండా ఒకదాన్నొకటి పట్టి వదిలే శబ్దం. పాఠ్యపుస్తకాల్లో స్నేహకం అనే సంస్కృత పదం స్థిరపడినా, బండివాడి మాటే ఇప్పటికీ ఎక్కువ స్పష్టంగా ఉంది.

ఆముదం నిజాం రాజ్యపు ముఖ్యమైన మెట్టపంటల్లో ఒకటి. లోహాన్ని బాగా అంటిపెట్టుకునే గుణం వల్లా, పెట్రోలులో సులభంగా కరగకపోవడం వల్లా మొదటి ప్రపంచయుద్ధకాలపు రోటరీ విమాన ఇంజన్లకు ఆముదాన్నే వాడారు. తెలంగాణ మెట్టచేలలో పండే గింజకూ ఐరోపా ఆకాశంలో తిరిగే ఇంజనుకూ సంబంధం కలిపిన గుణం ఇదే: ఒత్తిడి పెరిగి నూనెపొర పలచబడినప్పుడు కూడా లోహంపై ఒక అణుస్థాయి పూతను మిగిల్చే గుణం. దీనికి బౌండరీ లూబ్రికేషన్ అన్న పేరు 20వ శతాబ్దంలో వచ్చింది.

3. నునుపుపై నమ్మకం, ఒక కొయ్య బిరడా

ఘర్షణ భారానికి అనులోమంగా ఉంటుందనీ, తాకే వైశాల్యంపై ఆధారపడదనీ 1699లో ఫ్రాన్సులో గియోమ్ అమాంతాన్ ప్రకటించాడు. లియొనార్దో డా వించి ఈ విషయాన్ని రెండు శతాబ్దాల ముందే తన నోటుపుస్తకాల్లో రాసుకున్నా, అవి అప్పటికి వెలుగు చూడలేదు. అమాంతాన్ దృష్టిలో ఘర్షణకు కారణం ఉపరితలపు ఎగుడుదిగుళ్ళు. ఒక తలంలోని గుట్టలు మరో తలంలోని గుట్టలను ఎక్కి దిగవలసి రావడమే ఘర్షణ. 1785 నాటి కూలూం వ్యాసం కూడా ప్రధానంగా ఈ వివరణనే బలపరిచింది. ఈ చిత్రంలో గరుకు అంటే అడ్డంకి, నునుపు అంటే విముక్తి. ఉపరితలంపై కోరి గాటు పెట్టి ఘర్షణ తగ్గించవచ్చన్న ఊహకు ఇందులో చోటే లేదు.

దీనికి అడ్డుతగిలే పరిశీలన ఒకటి ఆ కాలంలోనే ఉంది. 1734లో జాన్ డెసాగులియర్స్, తలాలను నునుపు చేస్తూ పోతే కొంతవరకు ఘర్షణ తగ్గి, మరీ నునుపైనప్పుడు అవి అంటుకొని ఘర్షణ పెరుగుతుందని రాశాడు. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. బౌడెన్, టేబర్‌లు 1950లో ప్రచురించిన గ్రంథం వచ్చేదాకా అంటుకోవడం అన్నది ఘర్షణ వివరణలో కేంద్రస్థానానికి రాలేదు.

ఈలోగా కందెన గురించిన అసలు మలుపు ఒక ప్రమాదవశాత్తు పరిశీలన వల్ల వచ్చింది. ఇంగ్లండులో బోషాం టవర్ రైలు ఇరుసుల బేరింగులపై మెకానికల్ ఇంజనీర్ల సంస్థ తరఫున ప్రయోగాలు చేసి 1883లో మొదటి నివేదిక సమర్పించాడు. బేరింగు పైభాగంలో, సరిగ్గా భారం పడే చోట, నూనె పోయడానికి ఆనాటి అలవాటు ప్రకారం ఒక రంధ్రం ఉంది. ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగి తిరుగుతున్నప్పుడు ఆ రంధ్రం గుండా నూనె లోపలికి పోవడానికి బదులు పైకి ఉబికి వచ్చింది. కారకుండా కొయ్య బిరడా బిగిస్తే, నూనె దాన్ని నెట్టివేసింది. ఒత్తిడిమాపకం పెడితే, సగటు భారం చదరపు అంగుళానికి 100 పౌన్లే అయినా మాపకం 200 దాటి చూపించింది. ఇరుసు నూనెపై తేలుతోందన్నమాట. నూనె పోయాలని పెట్టిన రంధ్రమే ఆ ఒత్తిడిని బయటకు వదిలేస్తున్నది.

ఓస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో ఈ ఒత్తిడికి గణితరూపం ఇచ్చాడు. సన్నబడే సందులోకి నూనె ఈడ్వబడితే ఒత్తిడి పుడుతుంది. 1902లో రిచర్డ్ స్ట్రిబెక్ వేగం, భారం మారుతుంటే ఘర్షణ మొదట తగ్గి ఒక కనిష్ఠానికి చేరి మళ్ళీ పెరుగుతుందని చూపాడు. వేగం తక్కువైనచోట లోహతలాలు పరస్పరం తాకుతాయి, ఎక్కువైనచోట పూర్తి నూనెపొర భారం మోస్తుంది, నడుమ మిశ్రమస్థితి. 1918లో లార్డ్ రేలీ, తలం వాలుగా లేకపోయినా కేవలం ఒక మెట్టు ఉంటే చాలు, ఒత్తిడి పుడుతుందని గణించాడు. తలంలోని ఆకస్మిక హెచ్చుతగ్గు కందెనకు సహాయం చేయగలదన్న స్పష్టమైన సిద్ధాంతం ఇది. సూక్ష్మగుంటల సిద్ధాంతానికి వేరు ఇక్కడ ఉంది, తిరగలిలో కాదు.

4. సాంచా మీద నాలుగు ఉపరితలాలు

సిరిసిల్ల ప్రాంతంలో మరమగ్గాన్ని సాంచా అంటారు. మరాఠీ నుంచి వచ్చిన ఈ మాటలోనే ఒక వలసచరిత్ర ఉంది. భివండీ, షోలాపూర్, ముంబయి మరమగ్గాలపై పనికి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు గత శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఆ యంత్రాలను, ఆ పదజాలాన్ని వెంట తెచ్చుకున్నాయి. ఎక్కువ భాగం వాడి అమ్మిన సాదా సాంచాలే. గుంతమగ్గం నుంచి సాంచాకు మారడాన్ని ఉత్పత్తి, కూలి, అప్పులు, 1990ల చివరి నుంచి జరిగిన ఆత్మహత్యల దృష్టితో చాలామంది పరిశీలించారు. అదే మార్పును ఘర్షణ దృష్టితో చూస్తే మరో సంగతి తెలుస్తుంది. గుంతమగ్గంపై బట్ట బిగువునూ నాడె వేగాన్నీ చేయి, కాలు సవరిస్తూ ఉంటాయి. సాంచాలో ఆ సవరణ ఉపరితలాలకు అప్పగించబడింది.

మొదటిది, నేసిన బట్టను ముందుకు లాగే రోలరు. దీనికి ఎమెరీ గుడ్డగానీ, గరుకు రంధ్రాలున్న రేకుగానీ చుట్టి ఉంటుంది. చుట్టుకున్న కోణం, ఘర్షణ గుణకం పెరిగేకొద్దీ పట్టు ఘాతీయంగా పెరుగుతుందన్న ఆయిలర్ సూత్రం ఇక్కడ పనిచేస్తుంది. ఎమెరీ అరిగి నున్నబడితే బట్ట జారుతుంది, అంగుళానికి పడవలసిన పేక పోగులు మారిపోయి బట్టపై అడ్డపట్టీలు కనిపిస్తాయి. తిరగలి కక్కుకు సాంచాలో నిజమైన వారసుడు ఈ రోలరే. ఇక్కడా కావలసింది పట్టు, ఇక్కడా అరిగితే మార్చాలి.

రెండోది, నాడె వచ్చి ఆగే పెట్టె. పెట్టె గోడలోని నొక్కుడుపట్టీ రాపిడితో నాడెను ఆపుతుంది. ఒక్క చుక్క నూనె అక్కడ పడితే నాడె ఆగక వెనక్కి తుళ్ళుతుంది. అదే చుక్క బట్టపై పడితే మరక. సాంచాకు నూనె పోయడమంటే కావలసినచోట పోయడం ఒక్కటే కాదు, పక్కకు పోనీయకపోవడం కూడా.

మూడోది, నూలు తాకే తలాలు. పడుగుకు గంజి పెట్టేటప్పుడు కొంత నూనె కలిపే అలవాటు తెలుగు నేత ప్రాంతాల్లో ఉంది. గంజి నూగును అణచితే, నూనె అచ్చుపళ్ళ మధ్య పోగుకు జారుడునిస్తుంది. పాలియెస్టర్ ఫిలమెంటు నూలు వచ్చాక విషయం మరో మలుపు తిరిగింది. అద్దంలా మెరిసే క్రోమియం గైడు కంటే, సన్నని గరుకుతో మసకగా ఉండే గైడుపై ఆ నూలు తక్కువ ఘర్షణతో జారుతుంది. మెరుగుతలంపై నూలు ఎక్కువ వైశాల్యంలో అంటుకుంటుంది, మసకతలంపై గుట్టల కొనలను మాత్రమే తాకుతుంది. డెసాగులియర్స్ చెప్పినది ఇక్కడ నిత్యానుభవం. పూతనూనె ఉన్న నూలు వేగంగా కదిలినప్పుడు రేనాల్డ్స్ చెప్పిన తరహా ద్రవపొర ఏర్పడుతుందని 1957లో హాన్సెన్, టేబర్‌లు చూపారు. ఆ టేబర్, బౌడెన్‌తో కలిసి ఘర్షణ గ్రంథం రాసినవాడే. ఆధునిక ట్రైబాలజీ నిర్మాతల్లో ఒకరు నూలుపోగును ప్రయోగశాలలో పెట్టి పరిశీలించిన సంగతికి తెలుగులో నేత గురించి వచ్చే రచనల్లో చోటు దక్కవలసి ఉంది.

నాలుగోది క్రాంక్‌షాఫ్టు బుష్షు. దాని ప్రస్తావన వ్యాసం చివర మళ్ళీ వస్తుంది.

5. గుంటకు గౌరవం

యంత్రపనిముట్ల తయారీలో ఉపరితలపు పల్లాలకు నూనె నిలిపే గుణం ఉందని పనివారికి ముందే తెలుసు. జోసెఫ్ విట్‌వర్త్ 1840లో, మూడు పలకలను ఒకదానితో ఒకటి సరిచూస్తూ గీకుడుతో సమతలం సాధించే పద్ధతిని వివరించాడు. అలా గీకిన తలంపై మిగిలే లోతులేని పల్లాలు నూనెను పట్టి ఉంచుతాయి. లేత్ యంత్రాల జారుడుపట్టాలపై అర్ధచంద్రాకారపు గీతలు పెట్టడం ఈ సంప్రదాయమే. ఇంజను సిలిండరు లోపలి గోడపై అడ్డదిడ్డంగా హోనింగ్ గీతలు పెట్టడం కూడా ఇందుకే. బాగా మెరుగుపెట్టిన సిలిండరులో పిస్టన్ రింగుకు నూనె అందదు.

అయితే ఇది నిల్వగుంట ఆలోచన మాత్రమే. గుంట స్వయంగా ఒత్తిడిని పుట్టించి భారం మోయగలదన్నది వేరే సంగతి. 1966లో హామిల్టన్, వాలోవిట్, అలెన్‌లు తిరిగే ఇరుసు సీళ్ళపై సూక్ష్మమైన హెచ్చుతగ్గుల ప్రభావాన్ని పరిశీలించి దీన్ని ప్రతిపాదించారు. యాదృచ్ఛికమే అయినా, ట్రైబాలజీ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన పీటర్ జోస్ట్ నివేదిక బ్రిటన్‌లో అదే సంవత్సరం వెలువడింది. వివరణ ఇది: గుంటలోకి దిగేచోట సందు వెడల్పై నూనె ఒత్తిడి పడిపోతుంది, ఎక్కేచోట సందు సన్నబడి ఒత్తిడి పెరుగుతుంది. ఈ రెండూ సమానమైతే ఫలితం సున్నా. కానీ ఒత్తిడి పడిపోవడానికి ఒక హద్దుంది. ఆ హద్దులో నూనె చీలి బుడగలు ఏర్పడతాయి. పెరగడానికి అటువంటి హద్దు లేదు. ఆ అసమానతే తలాన్ని పైకెత్తే బలం.

సిద్ధాంతం ఉన్నా సాధనం లేక మూడు దశాబ్దాలు గడిచాయి. ఇజ్రాయెల్‌లోని టెక్నియన్‌లో ఇజాక్ ఎట్సియాన్ 1990లలో లేజరుతో యాంత్రిక సీళ్ళ ముఖాలపై క్రమమైన గుంటలు ఏర్పరచి, వాటి ప్రవర్తనను నమూనాగా గణించాడు. గుంట లోతుకూ వ్యాసానికీ మధ్య నిష్పత్తి ముఖ్యమని తేలింది. మొత్తం తలంపై గాక ఒక భాగంలోనే గుంటలు పెడితే, అవన్నీ కలిసి రేలీ మెట్టులా పనిచేస్తాయనీ తేలింది. ఆయన 2005లో రాసిన సమీక్ష ఈ రంగంలో ప్రవేశించేవారికి ఇప్పటికీ మొదటి మజిలీ.

ఈ పద్ధతిని ప్రశంసించే వ్యాసాల్లో తరచు జారిపోయే అంశం ఒకటుంది. తప్పు లోతు, తప్పు చోటు, తప్పు భారం కలిస్తే గుంటలు ఘర్షణను పెంచుతాయి. బంతి బేరింగువలె సంపర్కం చాలా సన్నని చోటుకు పరిమితమైనప్పుడు, గుంట ఆ సన్నని నూనెపొరనే చీల్చవచ్చు. గుంట మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది స్ట్రిబెక్ వక్రంలో యంత్రం ఎక్కడ నడుస్తున్నదో తెలిస్తేగాని చెప్పలేం.

6. బాలాపూర్, ముస్తాబాద్

తెలంగాణలో ఈ పరిశోధనకు ప్రధాన చిరునామా హైదరాబాదు శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ. పౌడర్ మెటలర్జీ, నూతన పదార్థాలపై పనిచేసే ఈ కేంద్రం 100 ఫెమ్టోసెకండ్ల లేజర్ స్పందనలతో పిస్టన్ రింగులపై 10 నుంచి 20 మైక్రాన్ల వ్యాసం, 5 నుంచి 10 మైక్రాన్ల లోతున్న గుంటలు ఏర్పరచింది. ఇంజను పరీక్షల్లో కందెన నూనె వినియోగం 16 శాతం తగ్గినట్లు 2020లో వెల్లడైంది. ఈ 16 శాతం తగ్గింది కందెన నూనె, ఇంధనం కాదు. రెండింటినీ కలిపేయడం సులభం గనుక ఇది నొక్కి చెప్పవలసి ఉంది. ఫెమ్టోసెకండ్ లేజరు ప్రత్యేకత, స్పందన ఎంత క్షణికమంటే వేడి పక్కకు పాకేలోపే లోహం ఆవిరైపోతుంది. అందువల్ల గుంట అంచున కరిగిన లోహపు గట్టు మిగలదు. అటువంటి గట్టు మిగిలితే అదే కక్కులా పనిచేసి ఎదుటి తలాన్ని కోస్తుంది.

ఇప్పుడు సాంచా బుష్షు. సాదా సాంచా నిమిషానికి 120 నుంచి 160 పేకలు వేస్తుంది. ఒక్కో పేకకు క్రాంక్‌షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. లెక్కకు ఇరుసు వ్యాసం 50 మిల్లీమీటర్లనుకుంటే, తలం వేగం సెకనుకు 0.3 నుంచి 0.4 మీటర్లు. ఇది తక్కువ వేగం. పైగా అచ్చు పేకను కొట్టిన ప్రతిసారీ భారం ఒక్కసారిగా పెరుగుతుంది, పోగు తెగినప్పుడల్లా సాంచా ఆగి మళ్ళీ మొదలవుతుంది. కనుక ఈ బుష్షు పూర్తి నూనెపొరపై స్థిరంగా నడిచే అవకాశం తక్కువ. ఎక్కువ సమయం మిశ్రమస్థితిలోనే ఉంటుంది. నిల్వగుంటలు ఎక్కువ ఉపయోగపడేది సరిగ్గా ఇటువంటి స్థితిలో. మరకభయం వల్ల నూనె పొదుపుగా పోయవలసిన యంత్రానికి ఆ ఉపయోగం ఇంకా ఎక్కువ. అయినా పరిశోధన పిస్టన్ రింగు వైపు వెళ్ళింది, బుష్షు వైపు రాలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. బుష్షు చవక, అరిగితే మారుస్తారు. భీములు తెచ్చుకొని కూలికి నేసే ఆసామికి, బీము మీద వచ్చే కూలితో పోలిస్తే ఫెమ్టోసెకండ్ లేజరు అనేది లెక్కలోకే రాని వస్తువు.

కానీ బుష్షుపై గాటు లేకుండా లేదు. కొత్త బుష్షు వేసేటప్పుడు లోపలివైపు ఉలితోనో గీకుడుతోనో నూనెగాడి తీయడం ఫిట్టరు పనిలో మామూలే. ఎక్కువగా అది రెండు గీతలు అడ్డంగా దాటుకునే ఆకారంలో, నూనె రంధ్రం నుంచి మొదలై బుష్షు చుట్టూ పోతుంది. నూనె అన్నిచోట్లా పారాలన్నది దాని వెనుక ఆలోచన. ఆలోచన తప్పు కాదు. చిక్కు ఎక్కడంటే, గాడి భారం పడే వైపు గుండా కూడా పోతే, టవర్ బేరింగులో రంధ్రం చేసిన పనినే అది చేస్తుంది. పుట్టిన ఒత్తిడిని కాలువలా బయటకు తోలేస్తుంది. గాడి భారంలేని వైపు ఆగిపోవాలి, రెండు అంచులకూ తెరుచుకోకూడదు. భారం పడే వైపు ఏదైనా ఉండాలనుకుంటే ఒకదానితో ఒకటి కలవని చిన్న పల్లాలే ఉండాలి. విట్‌వర్త్ గీకుడు మిగిల్చేవీ, బాలాపూర్ లేజరు తవ్వేవీ అటువంటివే. ఇందుకు కొత్త యంత్రం అవసరం లేదు. పాత బుష్షు విప్పినప్పుడు మెరుపు ఏ వైపు వచ్చిందో చూస్తే భారం ఏ వైపు పడుతున్నదో తెలుస్తుంది. కొత్తదానిలో గాడిని ఆ మెరుపుకు ఎదురువైపు తీయాలి.